లాప్చిక్ దాచిన కటింగులు

కోచ్ గొప్పతనాన్ని కప్పుల లెక్కతో తూచే అలవాటు మనలో బలంగా పాతుకుపోయింది. ఆ తూకంలో అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్ జో లాప్చిక్ తేలిపోతారు. న్యూయార్క్ నిక్స్ జట్టును 1951, 1952, 1953లలో వరుసగా మూడుసార్లు అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్‌కు చేర్చి, మూడుసార్లూ ఓడిపోయారు. అయినా అమెరికా బాస్కెట్‌బాల్ చరిత్రలో ఆయనకున్న స్థానం చాలామంది విజేతలకు దక్కలేదు. దక్కకపోవడమే న్యాయమని మేము నమ్ముతున్నాము.

చెక్ వలస కుటుంబంలో 1900లో న్యూయార్క్ పక్కనున్న యాంకర్స్‌లో పుట్టిన ఆయనకు హైస్కూలు చదువు లేదు. ఆరడుగుల అయిదంగుళాల ఎత్తే ఆస్తి. అప్పట్లో బుట్టలో బంతి పడిన ప్రతిసారీ మైదానం మధ్యలో మళ్లీ పైకి విసిరేవారు. ఎగిరి దాన్ని తనవాళ్లకు అందించగల పొడగరి ఉన్న జట్టుదే పైచేయి. 1923లో ఒరిజినల్ సెల్టిక్స్ అనే వృత్తి జట్టులో చేరిన లాప్చిక్ చేసిన పని అదే. ఊరూరా తిరిగి ఆడిన ఆ జట్టుకు గట్టి పోటీ ఇచ్చింది నల్లజాతి ఆటగాళ్ల న్యూయార్క్ రెన్స్. ఆట మొదలయ్యే ముందు రెన్స్ జట్టులో సెంటర్ స్థానంలో ఆడే టార్జాన్ కూపర్‌ను ఆయన అందరూ చూస్తుండగా కౌగిలించుకునేవారు. జాతి విభజన చట్టాలు నడుస్తున్న దేశంలో అదెంత సాహసమో ఊహించుకోవచ్చు.

1950లో లాప్చిక్ నిక్స్ కోచ్‌గా ఉండగా నాట్ క్లిఫ్టన్ అనే ఆటగాడు ఆ జట్టులోకి వచ్చారు. ఎన్‌బీఏలో అడుగుపెట్టిన తొలి నల్లజాతి ఆటగాళ్లలో ఆయన ఒకరు. దాని ఫలితాన్ని లాప్చిక్ అయిదేళ్ల కొడుకు కిటికీలోంచి చూశాడు: ఇంటి ముందు చెట్టుకు తండ్రి దిష్టిబొమ్మ ఉరితాడుకు వేలాడుతోంది, కింద జనం గుమిగూడారు. ఇంటికి బూతుల ఫోన్లు వచ్చాయి. క్లిఫ్టన్ మాత్రం జట్టులోనే ఉన్నారు.

1951లో మరో దెబ్బ తగిలింది. జూదగాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, వాళ్ల పందేలకు అనుకూలంగా కావాలనే పాయింట్ల తేడా తగ్గించిన న్యూయార్క్ కళాశాల కుర్రాళ్లను పోలీసులు పట్టుకున్నారు. వారిలో సిటీ కాలేజీ ఆటగాళ్లూ ఉన్నారు. వాళ్ల కోచ్ నాట్ హోల్మన్, సెల్టిక్స్‌లో లాప్చిక్‌తో కలిసి ఆడినవారే. ఆ వార్తల కటింగులన్నీ లాప్చిక్ ఒక పుస్తకంలో అతికించి దాచారు. తన ఆటగాళ్ల చేత చదివించారు. అరెస్టయిన కుర్రాళ్ల ముఖాలు చూసిన కుర్రాడికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. బెట్టింగు యాప్‌లు ప్రతి ఫోనులోకీ చొరబడిన మన దగ్గర, ప్రతి క్రీడా అకాడమీలో అలాంటి పుస్తకం ఒకటి ఉండాలని మేము కోరుతున్నాము. ఖర్చు జిగురు సీసా మాత్రమే.

1956లో ఆయన, అంతకుముందు కోచ్‌గా పనిచేసిన న్యూయార్క్ కళాశాల సెయింట్ జాన్స్‌కు తిరిగి వెళ్లారు. 65 ఏళ్లకు తప్పుకోవాలన్నది అప్పట్లో అక్కడి నిబంధన. 1965లో తన చివరి మ్యాచ్‌లో విలనోవాపై 55-51తో గెలిచి, ఆ కళాశాలకు కళాశాల జట్ల జాతీయ టోర్నీ ఎన్‌ఐటీలో నాలుగో టైటిల్ అందించి ఇంటికి వెళ్లారు.