సవరణ: పెద్ద కాపీల్లో కాష్‌ను ఎప్పుడు పక్కనపెట్టాలి?

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) చేసే మెమరీ కాపీ మీద మొన్నటి పోస్టులో "కాపీ ఎల్2 కాష్ కన్నా పెద్దదైతే కాష్‌ను పక్కనపెట్టి నేరుగా మెమరీలోకి రాయండి" అని ఉంది. (కాష్ అంటే ప్రాసెసర్‌లోని చిన్న, వేగమైన మెమరీ; ఎల్2 దాని రెండో అంచె.) ఆ వాక్యానికి ఇది కలిపి చదవండి: సైజు ఒక్కటే చాలదు, ఆ డేటాను వెంటనే ఎవరైనా చదువుతారా అన్నది అంతకన్నా ముఖ్యం.

మామూలు స్టోర్ (మెమరీలోకి రాసే ఆదేశం) అయితే ప్రాసెసర్ ముందు రాయాల్సిన చోటున్న 64 బైట్ల లైన్‌ను (కాష్‌లోకి ఒకేసారి వచ్చే ముక్క) మెమరీ నుంచి తెచ్చుకుని, ఆ తర్వాతే దాని మీద రాస్తుంది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ) ప్రాసెసర్లలో మూవ్‌ఎన్‌టీఐతో, అంటే కాష్‌ను పక్కనపెట్టి రాసే ఆదేశంతో, లైన్ మొత్తం నింపితే ఆ తెచ్చుకునే పని తప్పుతుంది. కానీ నెట్‌వర్క్ ప్యాకెట్‌ను కాపీ చేసిన మరుక్షణమే అప్లికేషన్ చదివిందనుకోండి, ప్రతి లైనూ మళ్లీ డీర్యామ్ (ప్రధాన మెమరీ) నుంచే రావాలి. ఆదా చేసిందంతా అక్కడే పోతుంది! అన్నట్టు, చివర్లో ఎస్‌ఫెన్స్ (రాతల వరుసను కాపాడే ఆదేశం) మరవకండి. అది లేకపోతే మూవ్‌ఎన్‌టీఐ రాతల వరుసకు హామీ లేదు.

కాపీకి ఏవీఎక్స్ (పెద్ద రిజిస్టర్లతో ఒకేసారి ఎక్కువ డేటాను కదిలించే ఆదేశాలు) వాడొచ్చా అని మాదాపూర్ మిత్రుడొకరు అడిగారు. కెర్నెల్‌లో వద్దు. ఆ రిజిస్టర్లలో యూజర్ ప్రోగ్రామ్ విలువలుంటాయి, వాటిని దాచి మళ్లీ పెట్టే ఖర్చు చిన్న కాపీల లాభాన్ని మింగేస్తుంది. ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎం (చిన్న కాపీలనూ వేగంగా చేసే సదుపాయం) ఉన్న చిప్‌లలో రెప్ మూవ్‌ఎస్‌బీ అనే మామూలు కాపీ ఆదేశం చాలు.

ఎల్3ను (కాష్ మూడో అంచె) చాలా కోర్లు పంచుకుంటాయి కాబట్టి, ఎంత పెద్ద కాపీకి కాష్‌ను పక్కనపెట్టాలన్న హద్దు పెట్టేటప్పుడు మొత్తం సైజు కాదు, ఒక్కో థ్రెడ్ వాటా చూడండి.