కాపీ కమాండ్ నేర్పేవారు ముందుగా చెప్పవలసిన విషయం

కమాండ్ లైన్‌లో ఫైలు కాపీ చేయడం చాలా తేలికని, సీపీ అని రాసి మూలం పేరు, గమ్యం పేరు ఇస్తే సరిపోతుందని కొత్తవారికి చెప్పి ముందుకు సాగిపోయే పాఠాలపై నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. గమ్యం పేరుతో అప్పటికే ఒక ఫైలు ఉంటే, లైనక్స్‌లో సీపీ మామూలుగా ఏమీ అడగకుండానే పాత సమాచారాన్ని చెరిపివేసి కొత్తది రాస్తుంది. చెరిగిపోయినది ట్రాష్‌లోకి కూడా చేరదు.

'>' గుర్తు (కమాండ్ ఇచ్చే ఫలితాన్ని తెరపై చూపకుండా ఫైలులోకి మళ్లించేది) విషయంలో ప్రమాదం ఇంకా లోతైనది. ఫైలులో ఉన్నదాన్ని చూపే క్యాట్ కమాండ్‌తో ఒక ఫైలులోని సమాచారాన్ని మరొక దానిలోకి పంపినప్పుడు, గమ్యం ఫైలును ఖాళీ చేసేది క్యాట్ కాదు, మనం టైప్ చేసినది చదివి కమాండ్లను నడిపే షెల్; అది కూడా కమాండ్ మొదలు కాకముందే. అందుకే ఒక జాబితాను సార్ట్ కమాండ్‌తో వరుసలో పెట్టి, '>' ద్వారా అదే ఫైలులోకి పంపబోతే, సార్ట్ చదవడానికి వచ్చేసరికి అందులో అక్షరం కూడా మిగలదు. ఈ వరుస క్రమం అర్థమైన విద్యార్థికి '>>' ఎందుకు చివరన చేరుస్తుందో, సార్ట్‌కు ఫలితం రాయవలసిన ఫైలు పేరు చెప్పే '-ఓ' అనే ఆప్షన్ విడిగా ఎందుకు ఉందో వేరే చెప్పనక్కరలేదు. అర్థం కానివాడు కమాండ్లను కంఠస్థం చేస్తాడు, అంతే.

లైనక్స్ అనుసరించే యూనిక్స్ పద్ధతి వాడుకరిని నమ్ముతుందని, ప్రతిదానికీ ప్రశ్న వేస్తే స్క్రిప్టులు (కమాండ్లను ముందే రాసిపెట్టి వాటంతట అవే నడిపించే ఫైళ్లు) మధ్యలో ఆగిపోతాయని కొందరు వాదిస్తారు. స్క్రిప్టుల వరకు ఆ మాట నిజమే. అయితే విండోస్‌లోని కాపీ కమాండ్ మనిషి స్వయంగా టైప్ చేసినప్పుడు అడుగుతుంది, విండోస్ స్క్రిప్టు అయిన బ్యాచ్ ఫైలులో అడగదు; అంటే ఈ తేడా పాటించడం అసాధ్యమేమీ కాదు. లైనక్స్‌లో సీపీకి, చెరిపే ముందు అడిగేలా చేసే '-ఐ' చేర్చడం, బాష్ అనే షెల్‌లో, ఉన్న ఫైలును చెరపకుండా ఆపే నోక్లాబర్ సెట్టింగ్‌ను ఆన్ చేయడం మొదటి రోజే నేర్పాలి. నోక్లాబర్ '>' గుర్తును మాత్రమే అడ్డుకుంటుంది, సీపీని అడ్డుకోదు కాబట్టి రెండూ అవసరమే. సీపీ అని టైప్ చేస్తే '-ఐ' దానంతట అదే కలిసేలా ఏలియాస్ (కమాండ్‌కు మనం పెట్టుకునే మారుపేరు) పెట్టుకోమనే సలహా నాకు నచ్చదు, ఎందుకంటే ఆ ఏలియాస్ లేని మరో మెషీన్ మీద ఆ ధీమాయే కొంప ముంచుతుంది.

క్యాట్‌తో సృష్టించిన కొత్త ఫైలుకు మూలం ఫైలు అనుమతులు (ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నవి) రావన్నది కూడా పాఠంలో ఉండాలి. తేదీలతో సహా కావాలంటే సీపీకి '-పీ' ఇవ్వాలి. కాపీ అయ్యాక సీఎంపీ కమాండ్‌తో రెండు ఫైళ్లను పోల్చి చూపించాలి. రెండూ ఒకటే అయితే అది ఏమీ చెప్పదు, తేడా ఉంటే మొదటి తేడా ఏ బైట్ దగ్గర వచ్చిందో చెబుతుంది.