గడువు కాగితానికేనా?

భద్రాచలంలో 2025 మార్చి 26న, బుధవారం, నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు కార్మికులను బలిగొన్నాక యంత్రాంగం నుంచి అలవాటైన మాటలే వినిపించాయి. అనుమతి లేదట, నోటీసులిచ్చారట, యజమాని వినలేదట. రాములవారి కల్యాణానికి లక్షల మంది వచ్చే ఊళ్లో అంతస్తు మీద అంతస్తు లేస్తుంటే అందరికీ కనిపించింది. ఇచ్చిన నోటీసు వెంట వెళ్లి పని ఆపించే మనిషే కనిపించలేదు. పన్ను వసూళ్లు, పారిశుద్ధ్యం, జనన మరణాల నమోదు, పింఛన్ల విచారణ అన్నీ మోసే పంచాయతీ కార్యదర్శే ఇనుము, సిమెంటు, పిల్లర్ల సంగతి కూడా చూడాలని మన వ్యవస్థ ఆశిస్తోంది. ఆ పనికి అతనికి ఎవరు శిక్షణ ఇచ్చారు?

పంచాయతీలో ఇలాగే ఉంటుందని, పట్టణాల్లో చట్టం వేరని తప్పించుకోవడానికి లేదు. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాది గుంతలు తవ్వడంతో పట్టుమని వంద గజాలైనా లేని జాగాలోని నాలుగంతస్తుల భవనం ఒరిగిపోయింది, మర్నాడే దాన్ని యంత్రాలతో నేలమట్టం చేశారు. అది రాష్ట్ర రాజధానిలో, ఐటీ సంస్థల కూతవేటు దూరంలో, మహానగర పాలక సంస్థ కళ్లెదుట జరిగింది. డెబ్బై అయిదు గజాల లోపు స్థలాల్లో చిన్న ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలునని భవన అనుమతులను ఆన్‌లైన్లో ఇచ్చేందుకు తెచ్చిన 2020 నాటి టీఎస్‌బీపాస్ చట్టం వెసులుబాటు ఇచ్చింది. పేదవాడికి అది న్యాయమైన వెసులుబాటే. కానీ అంతటి జాగాలపైనే నాలుగైదు అంతస్తులు లేస్తుంటే చూసే కన్ను ఏర్పాటు చేయకుండా ఇచ్చిన వెసులుబాటు అది.

నిబంధనలు పాటిస్తానని యజమానే హామీ ఇచ్చి అనుమతి పొందే ఈ స్వీయ ధ్రువీకరణ రాకముందు ఫైలు కదలాలంటే చేయి తడపాల్సి వచ్చేదని, ఇప్పుడా బాధ తగ్గిందని సమర్థకులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే అవినీతికి విరుగుడు తనిఖీని బలపరచడమే తప్ప ఎత్తివేయడం కాదు. పెద్ద భవనాల అనుమతికి ఇరవై ఒక్క రోజుల గడువు పెట్టారు, ఆలోగా తేల్చకపోతే ఇచ్చినట్టే భావిస్తామన్నారు. ఇప్పుడు బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ విధానం పేరిట డ్రాయింగుల పరిశీలనను నిమిషాలకు కుదిస్తున్నామని చెప్పుకొంటున్నారు. సంతోషం. పునాది తవ్వేనాడు ఎవరు వచ్చారు, శ్లాబు పడేనాడు ఎవరు చూశారు, ప్లాన్‌లో లేని అంతస్తు మొదలైన ఎన్నో రోజున పని ఆపారు? వీటికి గడువు లేదు, వీటి లెక్క ఏ డ్యాష్‌బోర్డులోనూ మెరవదు. కాగితం ఎంత వేగంగా బయటికొచ్చిందన్నదే పౌరసేవకు కొలమానమైంది.

క్షేత్రస్థాయిలో ఉన్న కొద్దిమంది టౌన్‌ప్లానింగ్ సిబ్బంది చేసే పని కూడా చాలావరకు టేపు పట్టి సెట్‌బ్యాక్ కొలవడమే. గోడకు, రోడ్డుకు మధ్య ఎన్ని మీటర్లు వదిలారో వారు చెప్పగలరు. పాత పిల్లర్ల మీద కొత్త బరువు నిలుస్తుందా, సెల్లారు కోసం తవ్విన గుంత పక్కింటి పునాదిని కదిలిస్తుందా అన్నది వారికి నేర్పిన విద్య కాదు. దానికి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉందంటారు. ఆ సంతకం పెట్టినాయన స్థలాన్ని చూశాడో లేదో సరిచూసేది ఎవరంటే మళ్లీ సమాధానం లేదు. తనిఖీ అన్న మాట చట్టంలో ఉంది, తనిఖీ చేయగల మనిషి లేడు.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఈ విషయంలో స్పష్టమైన ఆదేశాలే ఇచ్చింది. ఆమోదించిన ప్లాన్‌ను నిర్మాణ స్థలంలో ప్రదర్శించాలి, అధికారులు ఎప్పటికప్పుడు వెళ్లి చూసి ఆ వివరాలు నమోదు చేయాలి, భవనం నివాసానికి తగినదని ధ్రువీకరించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేనిదే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వరాదు, విధి తప్పిన అధికారిపై శాఖాపరమైన చర్య తీసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి అమలు కావాలన్నా కాళ్లున్న సిబ్బంది కావాలి. హైదరాబాద్‌లో ఆక్రమణలను కూల్చడానికి హైడ్రా అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసి యంత్రాలు, బలగాలు సమకూర్చుకున్న ప్రభుత్వానికి, లేచే గోడ దగ్గరకు వెళ్లి ఆగమని చెప్పడానికి మాత్రం మనుషులు దొరకడం లేదు. పైగా ఇదే మొదటిసారి, ఇదే చివరిసారి అంటూ జరిమానా కట్టించుకుని అక్రమ నిర్మాణాలను సక్రమం చేసే, 2007 నుంచి నడుస్తున్న క్రమబద్ధీకరణ పథకాల వరస ఉండనే ఉంది. తనిఖీ లేని లోటును జరిమానా రశీదుతో పూడ్చుకోవడానికి అలవాటుపడిన ఖజానా, తనిఖీ సిబ్బంది కోసం ఎందుకు తొందరపడుతుంది?

విచారణకు ఆదేశించామని చేతులు దులుపుకోవడం ఇక చెల్లదు. ఒక్కో సర్కిల్‌లో, ఒక్కో పురపాలికలో, ఒక్కో పెద్ద పంచాయతీలో భవనాలను తనిఖీ చేసే అర్హత, శిక్షణ ఉన్నవారు ఎందరు, ఒక్కొక్కరి కింద నిర్మాణాలు ఎన్ని, గత ఏడాది వారు వెళ్లి చూసినవెన్ని అన్నది పురపాలక శాఖను తన చేతిలోనే ఉంచుకున్న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రజల ముందు పెట్టాలి. ఆ లెక్క ఆయన దగ్గర లేకపోతే ఇరవై ఒక్క రోజుల్లో తెప్పించాలి.