ట్యాక్స్ కట్టేశాక కూడా బెయిలిఫ్ ఫీజా? నిలదీయాల్సింది కౌన్సిల్‌నే

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకి ఇది తెలిసిన కథే. కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్‌కి ఇంటి మీద కట్టే పన్ను, ఒక నెల తప్పింది, రిమైండర్ వచ్చింది, ఎవరూ చూసుకోలేదు, ఇన్‌స్టాల్‌మెంట్లు పోయి ఏడాది మొత్తం ఒకేసారి నెత్తిన పడింది, బాకీ వసూలు చేసుకోమని మెజిస్ట్రేట్ కోర్టు లయబిలిటీ ఆర్డర్ ఇచ్చేసింది. కౌన్సిల్ తరఫున బాకీలు వసూలు చేసే ప్రైవేటు ఏజెంట్, అదే బెయిలిఫ్, ఇంటికొచ్చి పెట్టిపోయిన లెటర్ చూశాక కంగారుపడి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో బాకీ మొత్తం కట్టేసి హమ్మయ్య అనుకుంటారు. అక్కడితో అయిపోదు, బాకీ తీరింది గానీ మా ఫీజు 310 పౌండ్లు మిగిలింది అని బెయిలిఫ్ దగ్గర్నుంచి మెసేజ్.

బాకీ కడితే ఫీజు దానంతటదే పోతుందని వాట్సాప్‌లో ఎవరేం చెప్పినా నమ్మకండి. బెయిలిఫ్ వసూళ్ల మీద ఉన్న 2007 చట్టం లెక్కలో కట్టాల్సిన మొత్తం అంటే బాకీ, ఫీజులు రెండూ కలిపి. 2014లో వచ్చిన ఫీజుల రూల్స్ ప్రకారం కేసు బెయిలిఫ్ చేతికి పోగానే 75 పౌండ్లు, ఇంటికొస్తే ఇంకో 235, బాకీ 1500 దాటితే ఆ పైదాని మీద ఏడున్నర శాతం అదనం. ఇప్పుడు తమాషా చూడండి, బాకీ 200 అయినా 310 పౌండ్లే, 1500 అయినా 310 పౌండ్లే. అంటే తక్కువ బాకీ ఉన్నోడికే దెబ్బ ఎక్కువ. ఆ 200 బాకీ ఉన్నోడు ఇంటికొచ్చిన బెయిలిఫ్ చేతిలో 200 పెట్టాడనుకోండి, ముందు 75 ఫీజుకి పోతుంది, మిగిలిన 125ని బాకీకీ మిగతా ఫీజుకీ వంతులేసి పంచుతారు, చివరికి కౌన్సిల్‌కి చేరేది 57 పౌండ్ల చిల్లర. ప్రజల పన్ను వసూలు చేస్తున్నామని ఎలా చెప్పుకుంటార్రా బాబూ దీన్ని?

లెటర్లు పట్టించుకోనోడి ఖర్చు టైమ్‌కి కట్టినోళ్లు ఎందుకు భరించాలి అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఆ లెటర్ అసలు చేతికి వచ్చిందా అన్నది ముందు తేలాలి కదా. మన పిల్లలు ఏడాదిలో రెండు మూడు ఇళ్లు మారతారు. ఫుల్‌టైమ్ స్టూడెంట్లే ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ లేదు, కానీ ఒకడి కోర్సు అయిపోయిన రోజుతో ఆ మినహాయింపు పోతుంది. నలుగురు స్టూడెంట్ల మధ్య అలాంటోడు ఒక్కడుంటే ఇల్లు మొత్తానికి బిల్లు పాతిక శాతం తగ్గించి వాడి పేరు మీదే వస్తుంది. ఇది వాడికి ఎవరూ చెప్పరు, తెలిసేలోపు పాత అడ్రస్‌కి సమన్లు వెళ్లిపోయి ఉంటాయి.

అందుకే నేననేది, బెయిలిఫ్ కంపెనీ కస్టమర్ కేర్‌తో ఫోన్లో వాదించి లాభం లేదు, వాళ్లకి ఆ ఫీజే జీతం. వాళ్లని పంపించింది కౌన్సిల్, వాళ్ల పనికి జవాబు చెప్పాల్సిందీ కౌన్సిలే. కానీ ఈ ఏర్పాటులో కౌన్సిల్ జేబులోంచి పైసా పోదు, బెయిలిఫ్‌కి డబ్బులిచ్చేది బాకీదారుడే, మరి కౌన్సిల్‌కి తొందరేముంటుంది? చిన్న బాకీల కేసులు వెనక్కి తీసుకోడానికి గానీ, ఇంటికి పంపే ముందు ఇంకోసారి ఫోన్ చేయడానికి గానీ కారణమే లేదు. ఒక్కో విజిట్‌కి కౌన్సిలే 235 పౌండ్లు కట్టాలని రూల్ పెట్టండి, ఎన్ని తలుపులు కొడతారో అప్పుడు చూద్దాం.

నాకు అసలు మంట ఇక్కడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు ఆడవాళ్ల ఇళ్ల ముందు కూర్చుని వేధిస్తుంటే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఇళ్ల మీదకి పోవద్దు, వసూళ్లు పంచాయతీ ఆఫీసు లాంటి చోటే అని. ఆ చట్టం మీద వంద విమర్శలున్నాయి, అయినా ప్రైవేటోడు వాకిట్లోకి రాకుండా సర్కారు అడ్డం నిలబడింది. ఇంగ్లండ్‌లో సర్కారే ప్రైవేటోణ్ణి వాకిట్లోకి పంపిస్తోంది, పైగా వాడి కూలి మనల్నే ఇమ్మంటోంది. మన హైదరాబాద్‌లో ఆస్తిపన్ను లేటైతే నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది, అదీ ఎక్కువే, కానీ ఆ డబ్బు జీహెచ్‌ఎంసీకే పోతుంది, మధ్యమధ్యలో వన్ టైమ్ సెటిల్‌మెంట్ పెట్టి 90 శాతం వడ్డీ మాఫీ కూడా చేస్తారు. దండించే అధికారం సర్కారు చేతిలోనే ఉంటే కనీసం మాఫీ చేసే దారైనా ఉంటుంది, కంపెనీకి అప్పగిస్తే వాడెందుకు మాఫీ చేస్తాడు?

సరే, ఫీజు మీద పడ్డవాళ్లు కౌన్సిల్‌కి రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి. బెయిలిఫ్ ఇంటికొచ్చే ముందు పంపాల్సిన నోటీసు ఏ అడ్రస్‌కి, ఏ తేదీన పంపారు, ఆదివారాలు సెలవులు పోను 7 పూర్తి రోజులు ఇచ్చారా. రెండు ఆర్డర్లు ఒకేసారి పట్టుకొచ్చి 235 రెండుసార్లు వేశారా, వేయకూడదు. ఇంట్లో జబ్బు మనిషో చంటిబిడ్డ తల్లో ఇబ్బందుల్లో ఉంటే, సలహా తీసుకునే టైమ్ ఇవ్వకుండా 235 వసూలు చేసే హక్కు లేదని కూడా రాయండి. ఫీజు తేల్చమని కోర్టుకీ వెళ్లొచ్చు గానీ ఓడితే అవతలివాళ్ల ఖర్చులు మీద పడొచ్చు, 235 కోసం ఆ రిస్క్ నేనైతే తీసుకోను. కౌన్సిల్ కాదంటే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు వినే లోకల్ గవర్నమెంట్ ఓంబుడ్స్‌మన్ ఉన్నాడు, అక్కడ కంప్లయింట్‌కి పైసా ఖర్చు లేదు.