అందరూ బిజీనే, పని మాత్రం కదలదు

ఒక ఫారమ్‌లో రెండో ఫోన్ నంబర్ కోసం ఒక గడి పెట్టాలి. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఈ చిన్న మార్పుకు ఐదు వారాలు పట్టింది. సమాచారం భద్రపరిచే డేటాబేస్ టీమ్‌కి టికెట్, అంటే పని కోసం అర్జీ, పెడితే వాళ్ల వంతు వచ్చేసరికి పది రోజులు. ఆ నంబర్ దాచుకునే కాలమ్ చేర్చడానికి పట్టింది పావుగంట. తర్వాత తెర వెనుక ప్రోగ్రామ్ రాసే బ్యాకెండ్ టీమ్ క్యూ, ఆపైన తెరపై కనిపించేది చేసే ఫ్రంటెండ్ టీమ్ క్యూ, చివర్లో టెస్టింగ్. నంబర్ ముందు ప్లస్ గుర్తు కొడితే సేవ్ కావడం లేదని అక్కడ తేలింది. కాలమ్‌ని అంకెలకు మాత్రమే సరిపోయేలా పెట్టారు మరి. టికెట్ మళ్లీ మొదటికొచ్చింది. ఇన్ని రోజుల్లో ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. అందరికీ ఊపిరి సలపనంత పని.

నైపుణ్యాన్ని బట్టి టీమ్‌లను విడదీస్తే వచ్చే చిక్కు ఇదే. మనిషి ఖాళీగా ఉంటే మేనేజర్ కంట పడుతుంది, పని ఆగిపోయి ఉంటే పడదు. పూర్తిచేసే వేగం పెరగకుండా చేతిలో పనులు మాత్రం పెంచుకుంటూ పోతే ప్రతి పనీ ఆలస్యమవుతుందని జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం చెబుతుంది. సంస్థలో మాటలు ఏ దారిన నడుస్తాయో సాఫ్ట్‌వేర్ కూడా అదే ఆకారం తీసుకుంటుందని 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే రాశారు. మా ప్లస్ గుర్తు సరిగ్గా రెండు టీమ్‌ల సందులో పడింది. ఆ నలుగురూ ఒకే టీమ్‌లో ఉంటే, పక్క కుర్చీ వైపు తిరిగి అడిగితే నిమిషంలో తేలిపోయేది.

అందుకే నా ఓటు అన్ని నైపుణ్యాలూ కలిసిన టీమ్‌కే. కానీ దానివల్ల పోయేదీ ఉంది, దాన్ని దాచకూడదు. టీమ్‌లో ఒక్కడే టెస్టర్ ఉంటే అతని పనిని తూచగలిగేవాళ్లు ఉండరు, నేర్పేవాళ్లూ ఉండరు. పాటల యాప్ కంపెనీ స్పాటిఫై 2012 నాటికి చిన్న టీమ్‌లతో పాటు ఒకే నైపుణ్యం ఉన్నవాళ్లను కలిపే చాప్టర్లు కూడా పెట్టుకున్నది ఇందుకే. చాలా కంపెనీలు ఆ పేర్లు తెచ్చుకుని, క్యూలను మాత్రం అలాగే ఉంచాయి.

డేటాబేస్, సెక్యూరిటీ లాంటి లోతైన పనులకు ప్రత్యేక టీమ్ ఉండాల్సిందే. అయితే వాళ్ల పని టికెట్లు తీసుకోవడం కాదు, మిగతావాళ్లు సొంతంగా చేసుకునేలా దారి వేయడం. మా దగ్గర ఒక డేటాబేస్ ఇంజినీర్ ఆ తర్వాత అదే చేశాడు. కాలమ్ చేర్చే పనికి ఒక స్క్రిప్ట్ (ఆ పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్), ముందుగా చూసుకోవాల్సినవి ఒక పేజీలో రాసిచ్చాడు. అందులో ఫోన్ నంబర్‌ని అక్షరాల కాలమ్‌లోనే పెట్టమని ఉంది. అలాంటి టికెట్లు అతనికి రావడం ఆగిపోయాయి.