మహారాజశ్రీ పాత పికప్ గారికి, హన్మకొండ నుంచి

మహారాజశ్రీ పాత బేస్ గిటార్ పికప్ గారి సముఖమునకు,

హన్మకొండ నుంచి ఒక ఆర్కెస్ట్రా బేస్ వాయించేవాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మేమిక్కడ పెండ్లిళ్ల సీజన్‌లో తిరుగుతున్నాం. తమరికి కూడా గిరాకీ బాగానే ఉందని విన్నాం. వయసు పెరిగేకొద్దీ రేటు పెరిగే యోగం మన వైపు ఇండ్ల జాగలకు తప్ప ఇంకెవరికీ లేదు. తమరిది గొప్ప జాతకం.

లావు గొంతు గిటార్ తీగల కింద కూర్చుని వాటి ఊపును కరెంటుగా మార్చే తమరి చరిత్ర మాకు తెలియనిది కాదు. 1951లో అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వారి ప్రెసిషన్ బేస్ మీద ఒంటి తీగచుట్టతో కాలుపెట్టారు. 1957లో రెండు ముక్కలై, ఒకటి లావు తీగల కింద, ఒకటి సన్న తీగల కింద సర్దుకున్నారు. 1960లో జాజ్ బేస్ అనే ఇంకో మోడల్ మీద జంటగా వెలిశారు. ఇంతకీ తమరు చేసే పనేమిటి? అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన ఉక్కు తీగ ఊగితే కింద రాగిలో కరెంటు పుడుతుంది. రామగుండంలో టర్బైన్లు తిప్పి చేసేది కూడా సూత్రంలో ఇదే పని. కాకపోతే వాళ్లు ఊళ్లకు కరెంటిస్తారు, తమరు మా గ్రూపులో తగువులు పెడతారు.

కరెంటుతో ఆ చుట్టరికం తమరు ఇంకా మరిచిపోలేదు, అదే మా బాధ. మా ఫంక్షన్ హాళ్లలో ఎర్తింగ్ అనేది పేరుకే. సీరియల్ బల్బులు, పొగ మిషన్, కూలర్లు, మా ఆంప్లిఫయర్ అన్నీ ఒకే బోర్డు మీద. జాజ్ బేస్ మీద రెండు వాల్యూమ్ నాబ్‌లూ పూర్తిగా తిప్పి ఉంచితే తమరు బుద్ధిగా ఉంటారు. ఒకరి చుట్టా, అయస్కాంతమూ రెండూ రెండోవారివాటికి ఎదురు తిరిగి ఉంటాయి కాబట్టి, ఒకరు పట్టిన రొదను ఇంకొకరు కొట్టేస్తారు. వెనక పికప్ గొంతు ఒక్కటే కావాలని ముందుదాన్ని కాస్త తగ్గించామా, జుంయ్... మంత్రాలు చదివే అయ్యగారు మైకును చేత్తో తట్టి చూస్తారు.

ఆ జుంయ్ కూడా ఏ స్వరంలో! మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఊపులు. అన్నిటికన్నా లావు తీగ మీద మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీత) దగ్గర నొక్కితే వచ్చే, ఇంగ్లిషు పద్ధతిలో జీ (G) అనే స్వరం 49 హెర్ట్జ్. జీ స్కేల్ పాట పడిన రోజు నాది ఒకటి, తమరిది ఒకటి, రెండూ రాసుకుని సెకనుకోసారి ఊగుతాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అది బీ ఫ్లాట్, బీ అనే పక్కపక్క స్వరాల మధ్య ఎటూ కాకుండా పడుతుంది, వినగానే ఇది కరెంటు రొద అని తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం పాడేవాడు నా వైపు తిరిగి "అన్నా, జర శ్రుతి చూస్కో" అంటాడు.

ఇక తమరి భక్తుల సంగతి. ఆదివారం చౌరస్తా వెనక గల్లీలో ఒక రూములో కూడతారు. పాత గిటార్ ఒకటి, కొత్తది ఒకటి, పోటీ. పాతదాని మీద చెమటకు నల్లబడ్డ ఫ్లాట్‌వౌండ్ (చదును చుట్టు, మెత్తని గొంతు) తీగలు, కొత్తదాని మీద నిన్న ప్యాకెట్ విప్పిన రౌండ్‌వౌండ్ (గుండ్రని చుట్టు, మెరుపు గొంతు) తీగలు. పాతదాని పికప్ తీగలకు తగులుతుందేమో అన్నంత పైకి ఉంటుంది, కొత్తదానిది లోపలికి దిగి ఉంటుంది. పాతదాన్ని మెడ దగ్గర మెత్తగా, కొత్తదాన్ని బ్రిడ్జి (తీగలు ఆనే కింది చివర) దగ్గర గోరుతో మీటుతారు. తీర్పు వచ్చేస్తుంది: "పాతది పాతదేరా బై!" ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే బాగుందనుకోవడం చెవికి పుట్టుకతో ఉన్న రోగం. రేటెంతో చెప్పాక ఆ టోన్ ఇంకొంచెం వెచ్చబడింది కూడా. దాన్ని రికార్డు చేసి ఫోన్లలో పంపుకుంటారు. లావు తీగను ఏమీ నొక్కకుండా మీటితే 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌కు ఆ లోతు అందదు. ఆ స్పీకర్లో రాని స్వరం మీద అర్ధరాత్రి దాకా పంచాయితీ.

తేడా లేదని నేననను. 1970ల జాజ్ బేస్‌లో వెనక పికప్‌ను బ్రిడ్జి వైపు కాస్త జరిపారు. ఆ జరుపు వేలి వెడల్పంత కూడా ఉండదు, కానీ గొంతులో కరుకుదనం వచ్చేసింది. పైగా అంతకుముందు, అరవైల మొదట్లో, రాగి తీగను చుట్టేటప్పుడు చేత్తో పట్టి నడిపించేవారు, ఒకదానికి చుట్లు ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ. ఒకే ఏడాది పుట్టిన తమరి తోబుట్టువులే ఒకలా మాట్లాడరు. అలాంటప్పుడు "అరవై రెండు (1962 మోడల్) టోన్ కావాలి" అని అడిగితే ఏ అరవై రెండు?

అమెరికా మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ 1962 ప్రెసిషన్ బేస్‌ను పాత ఫ్లాట్‌వౌండ్ తీగలతో, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో మీటాడు. ఇంకో పేరున్న బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని 1962 జాజ్ బేస్‌ను బ్రిడ్జి దగ్గర మీటాడు. మావాళ్లు పికప్ అయస్కాంతం అల్నికో అయిదు రకం అనీ, రాగి తీగ మందం నలభై రెండు గేజి అనీ కంఠతా పట్టారు. ఆ ఒక్క వేలు సంగతి ఎత్తితే "ప్రాక్టీసుకు టైం దొరుకుతలేదన్నా" అంటారు.

కాబట్టి మా మనవి ఏమిటంటే, జీ స్కేల్ పాటలప్పుడైనా తమరు మౌనం పాటించాలి. ఇక బారాత్ మొదలై డీజే తీన్మార్ ఎత్తుకున్నాక తమరు 1962 వారైనా నిన్నటి వారైనా ఒకటే, అప్పుడు హాయిగా రెస్టు తీసుకోవచ్చు. భక్తులకు కలలో కనబడి, తీగలు మార్చి, సౌండ్ సమానం చేసి, కండ్లు మూసుకుని వినమని ఆజ్ఞాపిస్తే మరీ మంచిది.

ఇట్లు,
తమరి విధేయుడు,
స్టేజి మీద ఎడమవైపు చివర నిలబడేవాడు

తా.క.: మా సౌండ్ తమ్ముడు తమరిని తట్టి చూసి "ఇందుల సెల్లు ఏస్తరా అన్నా?" అని అడిగాడు. తమరికి బ్యాటరీ అక్కర్లేదంటే నమ్మలేదు. "మరి గింత రేటెందుకే?" అన్నాడు. జవాబు తమరే రాయగలరు.