సవరణ: ఆ 92,003 మంది సీజన్ టికెట్ల వాళ్లు కాదు

అమెరికా కాలేజీ ఆటల మీద పెట్టిన పోస్టులో, నెబ్రాస్కా యూనివర్సిటీ అమ్మాయిల వాలీబాల్‌కు 92,003 మంది సీజన్ టికెట్లు (ఏడాది మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకేసారి కొనేవి) కొన్నారని రాశాను. అది తప్పు. ఆ అంకె 2023 ఆగస్టు 30న ఒమాహా యూనివర్సిటీ జట్టుతో ఆడిన ఒక్క మ్యాచ్‌ది. దాన్ని ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) ఆడే మెమోరియల్ స్టేడియంలో పెట్టారు. మామూలు మ్యాచ్‌లు జరిగే డెవేనీ సెంటర్‌లో అప్పట్లో పట్టిందే 8 వేల పైచిలుకు. యూనివర్సిటీ క్రీడావిభాగం లెక్కలూ, అప్పటి పత్రికల వార్తలూ చూసి సరిచేస్తున్నాను.

అలాగని ఆదరణ తక్కువేం కాదు. 2001 నుంచి అక్కడ వాలీబాల్ టికెట్లు మిగలడం లేదు. ఫుట్‌బాల్‌కైతే 1962 నుంచీ అదే వరస. కాకపోతే ఫుట్‌బాల్‌ది తాతల నాటి అలవాటు, ఈ వాలీబాల్ అమ్మాయిలది ఆడి సంపాదించుకున్నది.